మూడోసారి దొరికిన ఈతగత్తె

ఫిబ్రవరి 4

చిరంజీవి తమ్ముడికి,

ఒళ్ళు మండిపోతున్న అక్క ఆశీస్సులు. ముందు క్షేమ సమాచారాలు. నేను క్షేమం, నా మోకాలు క్షేమం, కారు క్షేమం. పరువు ఒక్కటే పోలీసు స్టేషన్‌లో ఉంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం. చివరికి ఎవరూ ఏమీ వినకుండా పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నేను పూర్తి చేసేదాకా నువ్వు నోరు మూసుకోక తప్పదు.

విషయం ఇదీ. నిన్న పొద్దున్న పాత క్వారీ గుంతలో ఈదుతుంటే నన్ను పట్టుకున్నారు. రాయి కొట్టడం ఆపేశాక వానలకు నిండిన గుంత. మేం ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు బావ నీకు చూపించాడు, గుర్తుందా? నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, ఈదుతుంటే అడుగున చెక్కిన రాతి మెట్లు కనిపిస్తాయి. గట్టు మీద మున్సిపాలిటీ వాళ్ళ బోర్డు ఉంది, "ఇందులో దిగుట నేరము" అని. నేను ఆ బోర్డుకే తువ్వాలు తగిలిస్తాను. మొదటిసారి మున్సిపాలిటీ వాళ్ళు మందలించి వదిలేశారు. రెండోసారి జరిమానా వేశారు. ఇది మూడోసారి కాబట్టి పోలీసులు, కోర్టు. నేరం రుజువైతే పడే శిక్ష చిన్నదే, కానీ నేరస్థురాలు అన్న ముద్ర పడుతుందట. ముద్ర పడినవాళ్ళకు డ్రైవింగు నేర్పే లైసెన్సు ఉంచరట. అంటే నా డ్రైవింగు స్కూలుకు తాళం.

ఈ ఊళ్ళో సగం మందికి క్లచ్చు వదలడం నేర్పింది నేను. సగం ఆయుష్షు వాళ్ళ పక్క సీట్లో కూర్చుని, నా వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని గడిపాను. ఒక్క కోడిపిల్లకు కూడా గీత పడలేదు. అలాంటిది నీళ్ళలో చేతులు ఆడించిన పాపానికి రోడ్డు మీద ప్రమాదకరమైన మనిషిని అయిపోయాను.

ఎవరికి నష్టం రా? నేను ఎవరిదైనా ఎత్తుకుపోయానా? ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నానా? ఆ నీళ్ళు తాగేవాళ్ళు లేరు, అందులో చేపలు పట్టేవాళ్ళు లేరు. గుంత వెళ్ళి ఫిర్యాదు చేసిందా?

ఇంకో అనుమానం. ఈ పోలీసులు వెతుక్కుంటూ రాలేదు. నేను వచ్చే దారి, దిగే మెట్టు, తువ్వాలు తగిలించే చోటు, అన్నీ తెలిసినట్టు తిన్నగా వచ్చి నిలబడ్డారు. ఈ సంగతులన్నీ నేను రాసింది ఒక్కడికే. నీళ్ళలో పడ్డవాళ్ళను తీసే ఉద్యోగం చేస్తూ, ఊరూరా ఫైర్ స్టేషన్లలో స్నేహితులున్న మా తమ్ముడికి. జవాబు రాయి. అబద్ధం రాస్తే నీ అక్షరాలు వంకర పోతాయి, నాకు తెలుసు.

మరదలికి ఆశీస్సులు. ఆమె మీద నాకు కోపం లేదు.

ప్రస్తుతానికి నీ అక్క


ఫిబ్రవరి 12

అక్కా,

నేను చెప్పలేదు. నా మీద ఒట్టు, నీ మీద ఒట్టు. చెప్పేద్దామని చాలాసార్లు అనిపించిన మాట మాత్రం నిజం. ఆ గుంత గురించి నువ్వు రాసినప్పుడల్లా మీ ఊరి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేద్దామని చెయ్యి లేచేది. నువ్వు నాతో మాట్లాడడం మానేస్తావని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పకుండానే నింద పడింది. ఏం చేస్తాం.

నా అక్షరాలు చూసుకో. తిన్నగానే ఉన్నాయి.

ఇక్కడ ఒక లాయరును అడిగాను. దారి ఉందన్నాడు. నువ్వు కాలు జారి పడ్డానని చెప్పు. పొద్దున్నే నడకకు వెళ్ళాను, గట్టు తడిగా ఉంది, జారాను అను. ఆ నిబంధన దిగినవాళ్ళకే గానీ పడ్డవాళ్ళకు వర్తించదట. కేసు కొట్టేస్తారు, లైసెన్సు దక్కుతుంది. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎవరికి నష్టం అని అడిగావు. క్వారీ గుంతలు నాకు బాగా తెలుసు అక్కా. పైన వెచ్చగా ఉండి మోసం చేస్తాయి. నిలువెత్తు కిందికి వెళ్తే ఒళ్ళు కొయ్యబారే చలి. పిక్కలు పట్టేస్తాయి. ఈత రానివాళ్ళు భయపడి గట్టు దగ్గరే ఉంటారు. నేను బయటికి తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది బాగా ఈత వచ్చినవాళ్ళే.

ఇంకో మాట. కోప్పడకు. బావ పోయి ఏడాది దాటింది. నువ్వు రోజూ తెల్లవారగానే ఒంటరిగా అంత లోతు నీళ్ళ దగ్గరికి పోతున్నావు. నీకు సరిగ్గా నిద్ర పడుతోందా, వేళకు తింటున్నావా అని నీ మరదలు అడగమంది. ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే తప్పేముంది? బావ ఉంటే నిన్ను అలా వెళ్ళనిచ్చేవాడా, ఆలోచించు.

కాలు జారిందనే చెప్పు. మరిచిపోకు.

తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరేయ్,

నీ ఒట్టు నమ్మాను. నమ్మక చస్తానా, అసలు దొంగ దొరికాక! నన్ను పట్టించింది నేనే.

నన్ను పట్టుకున్న కానిస్టేబులు మొన్న స్కూలు గేటు దగ్గర తచ్చాడుతుంటే లోపలికి పిలిచాను. స్టేషన్ జీపు నడపడానికి కిందటి నెలదాకా నా దగ్గరే నేర్చుకున్నాడు. "ఆ దారి నీకెవరు చెప్పారయ్యా?" అని నిలదీశాను. తల గోక్కున్నాడు. "మీరే కదా మేడమ్ చెప్పారు."

నిజమే రా. కొత్తవాళ్ళు స్టీరింగును పామును పట్టుకున్నట్టు పట్టుకుంటారు. భుజాలు బిగదీస్తారు. అప్పుడు నేను చెప్పే పాఠం ఒకటుంది. "ఊపిరి వదులు. క్వారీ దగ్గరున్నాననుకో. పాత రంపపు మిల్లు వెనక సందులోంచి వెళ్ళు, పగిలిన మెట్టు వదిలేసి పక్క మెట్టు మీద కాలు పెట్టు, చల్లటి నీళ్ళు చీలమండకు తగిలాయి, ఇప్పుడు మెల్లగా... అంతే మెల్లగా క్లచ్చు వదులు." అందరికీ ఇదే పాఠం. క్లచ్చు అందరికీ వచ్చింది, దారి కూడా అందరికీ వచ్చేసింది. పాపం, "మీరు చెప్తుంటే కళ్ళకు కట్టినట్టుండేది మేడమ్, మా సార్ అడిగితే తెలియదని ఎలా చెప్పను?" అన్నాడు. నా నోట్లో మాట దాగదని అమ్మ ఊరికే అనలేదు. నిన్ను అనుమానించినందుకు చెంపలేసుకుంటున్నాను.

ఇక నీ లాయరు తెలివి. కాలు జారి పడ్డానా? ఈత దుస్తులు వేసుకుని, నెత్తిన రబ్బరు టోపీ, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, తువ్వాలు బోర్డుకు జాగ్రత్తగా తగిలించి మరీ జారానా? జారి, ఆ గట్టు దాకా వెళ్ళి, మళ్ళీ ఈ గట్టుకు వచ్చానా? మేజిస్ట్రేటు నవ్వి చస్తాడు. అది పోనీ. నేను తప్పు చేయలేదన్నప్పుడు అబద్ధమెందుకు? ఒకరికి చీమ కుట్టినంత బాధ కలగని పనిని నేరం అంటుంటే, అది నేరం కాదు అనాలి గానీ, ఆ పని నేను చేయలేదు అనకూడదు.

చివర్న నువ్వు రాసింది చదివి మాత్రం కాగితం చింపేద్దామనుకున్నాను. బావ నన్ను ఎక్కడికైనా "వెళ్ళనిచ్చే" మొగుడుగా నీకెప్పుడు కనిపించాడు? నాకు డాక్టరెందుకు? మొగుడు పోయిన మనిషి పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని నవ్వుతూ పోతుంటే నలుగురూ ఏమనుకుంటారోననా? నువ్వు కూడా ఆ నలుగురిలో చేరావా? మరదలి పేరు వాడుకోకు. ఆమె అడగాలనుకుంటే నన్నే అడుగుతుంది.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

నలుగురు గంగలో కలవనీ. నేను రాసింది దాని గురించి కాదు. డొంకతిరుగుడుగా రాయడం నాదే పొరపాటు. ఇప్పుడు తిన్నగా రాస్తాను.

నువ్వు చావడానికి వెళ్తున్నావేమోనని నా భయం.

నా ఉద్యోగంలో ఇలాంటివాళ్ళను చూశాను. ఇంట్లో మనిషి పోయాక ఏడ్చి ఏడ్చి, ఒకరోజు ఏడుపు ఆపేస్తారు. ఉత్సాహంగా కనిపిస్తారు. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. తర్వాత మమ్మల్ని పిలుస్తారు. నీ ఉత్తరాల్లో ఉత్సాహం పెరిగినకొద్దీ నాకు ఇక్కడ అన్నం దిగడం లేదు.

బాధపడేవాళ్ళు ఎవరూ లేని నేరం అంటున్నావు. నన్ను లెక్కలో వేసుకో. నీళ్ళలో ఒకరు మునిగితే వాళ్ళకోసం దిగేవాడు ఒకడుంటాడు. చీకటిలో, బురదలో, తడుముకుంటూ. చేతికి జుట్టు తగిలితే ఎలా ఉంటుందో నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నీకూ చెప్పను. ఆ రోజు తర్వాత వాడు తిండి తినలేడు, పిల్లలను ముట్టుకోలేడు. వాడికి నష్టం లేదంటావా?

అందుకే ఆ బోర్డు ఉండాలి. నీకు కోపం వచ్చినా సరే, ఉండాలి.

నీ తమ్ముడు


మార్చి 6

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం స్కూల్లో చదివాను. పక్కన ఒకావిడ రివర్సు నేర్చుకోవడానికి కూర్చుని ఉంది. నేను ఏడుస్తుంటే తన డ్రైవింగు చూసే అనుకుని ఓదార్చింది.

పిచ్చివాడా. చావడానికి వెళ్ళేది ఎవరైనా జుట్టు తడుస్తుందని టోపీ పెట్టుకుంటుందా?

విను. బావ పోయాక నాకు ఆకలి పోయింది. వండుకునేదాన్ని, పారబోసేదాన్ని. ఒకరోజు ఏమీ తోచక క్వారీకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నీళ్ళలో ఎవరో లావుపాటి పెద్దమనిషి వెల్లకిలా తేలుతూ పాట పాడుకుంటున్నాడు. నన్ను చూసి బెదిరి, "చెప్పకండమ్మా, మళ్ళీ రాను" అన్నాడు. నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో వచ్చింది నవ్వు. మర్నాడు నేనూ దిగాను. బయటికి వచ్చాక ఆకలేసింది రా. తడి జుట్టుతోనే వీధి చివర దుకాణం దగ్గర నిలబడి తిన్నాను. ఆ రోజు నుంచి నేను బతకడానికే ఆ నీళ్ళలో దిగుతున్నాను. వేరే మాట లేదు.

ఒంటరిగా అన్నావు. ఒంటరిగా ఎందుకు ఉంటాను? మిగతావాళ్ళ సంగతి రాస్తే, ఉత్తరం ఎవరి కంటైనా పడి వాళ్ళకూ కేసులవుతాయని రాయలేదు. ఆ పాటగాడు రొట్టెల బేకరీ నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన. మేం తిమింగలం అంటాం. మందుల షాపు ఆవిడ వస్తుంది. ఇంకా కొందరు. పోలీసు విజిల్ వినగానే అందరూ రాళ్ళ వెనక దాక్కున్నారు. వయసు మళ్ళినదాన్ని నేను దొరికిపోయాను.

ఇక కేసు. నా లాయరమ్మ కూడా నా శిష్యురాలే. కారు నడపడం దానికి ఈ జన్మకు రాదు గానీ వాదన బాగా వచ్చు. మేజిస్ట్రేటు మంచివాడే. "నిబంధన ఉన్నంతవరకు నేను శిక్ష వేయక తప్పదమ్మా. అది మార్చే పని మున్సిపల్ సభది. ఏప్రిల్ మొదట్లో వాళ్ళ సమావేశం ఉంది కాబట్టి తీర్పు అప్పటిదాకా ఆపుతాను" అన్నాడు. సభ ఒప్పుకుంటే కేసే ఉండదు. ఒప్పుకోకపోతే మర్నాడే నా స్కూలు బోర్డు దించేయాలి. చిక్కేమిటంటే, సభకు చైర్‌పర్సన్‌గా ఉన్నావిడ కొడుకు కొన్నేళ్ళ కిందట ఆ గుంతలోనే పోయాడు. జరిమానాతో పోయే విషయాన్ని కోర్టు దాకా తెచ్చిన నిబంధన ఆవిడ పెట్టించిందే.

కానీ నిన్న ఏం జరిగిందో తెలుసా? తిమింగలం మంచి చొక్కా వేసుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్ళి, "నేనూ దిగాను, నా మీదా కేసు రాసుకోండి" అని బల్ల ముందు కూర్చున్నాడట. వెనకే మందుల షాపు ఆవిడ. ఆవిడ వెనక, నేను ఎప్పుడూ చూడని మొహాలు! మేం వెళ్ళాక వచ్చేవాళ్ళట. సాయంత్రం వచ్చేవాళ్ళట. ఊళ్ళో ఇంతమంది నేరస్థులున్నారని నాకేం తెలుసు? వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. మన కానిస్టేబులు రాసి రాసి చెయ్యి విదిలించుకుంటున్నాడు. నాకు ఏనుగు ఎక్కినట్టుంది.

నీ చీకటి, నీ బురద గురించి రాసింది మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. అది నేను ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు.

తిను. వేళకు తిను.

అక్క


మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం మూడు పూటలు జేబులో పెట్టుకు తిరిగాను. నీ మరదలు లాక్కుని చదివి, టోపీ దగ్గర ఒకటే నవ్వు, ఆకలి దగ్గర ఒకటే ఏడుపు.

నిన్న ఇక్కడ రిజర్వాయరులో ఒక కాలేజీ కుర్రాడు పోయాడు. మాకు ఫోన్ వచ్చింది. "ఒకడు మునిగాడు" అని చెప్పి పెట్టేశారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగనివ్వలేదు. రిజర్వాయరు చిన్నదా? గట్టు వెంట వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది.

పంపు గది వెనక అతని స్నేహితులు ఇద్దరు దాక్కుని ఉన్నారు. ఒంటి మీద తడి బట్టలు, పళ్ళు పటపటా కొట్టుకుంటున్నాయి. "ముందే ఎందుకు పిలవలేదురా? అరిస్తే అవతల వాచ్‌మన్ ఉన్నాడు కదా?" అని భుజాలు పట్టి ఊపేశాను. ఒకడు అన్నాడు, "అరిస్తే వాచ్‌మన్ పట్టుకుంటాడని భయమేసింది సార్. కేసైతే కాలేజీ నుంచి తీసేస్తారు."

ఇంటికి వచ్చి కూర్చుంటే పాతవన్నీ గుర్తొచ్చాయి. పేరు చెప్పకుండా పెట్టేసిన ఫోన్లు. గట్టు మీద చెప్పులు తప్ప మనిషి కనిపించని చోట్లు. ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్నది నీళ్ళను. నీళ్ళకంటే ముందు భయం మింగేస్తోందని ఇప్పుడు తెలిసింది.

మీ సభ రోజున నేను వస్తాను. మా శాఖ నిషేధం ఉండాలనే అంటోంది. అందుకని సెలవు పెట్టి, మామూలు బట్టల్లో, నా అంతట నేను వస్తాను. కానీ ముందే చెబుతున్నాను. నీ మాట నేను మాట్లాడను. ఎవరికీ నష్టం లేదు అని నా నోటితో అనను. నాకు తెలిసింది చెబుతాను. అది నీకు పనికొస్తే సరే, రాకపోతే నన్ను తిట్టకూడదు.

నా పక్క సర్దిపెట్టు. నీ కారులో మాత్రం ఎక్కను. నువ్వు నడుపుతుంటే నా వైపున్న రెండో బ్రేకు మీదినుంచి కాలు తీయలేను.

తమ్ముడు


ఏప్రిల్ 9

ఒరేయ్ బంగారం,

గెలిచాం! ముందు ఆ మాట రాసేసి తర్వాత ఊపిరి పీల్చుకుంటున్నాను. గెలిచాం, గెలిచాం, గెలిచాం!

డ్యూటీ ఉందని ఓటింగు కాకముందే రైలెక్కిపోయావు. ఫోనులో "అయింది" అని అరిచి పెట్టేశాను గానీ ఏమీ చెప్పలేదు. అసలు నువ్వేం మాట్లాడావో కూడా నీకు గుర్తుండి ఉండదు. నేను చెప్తా విను.

నువ్వు రిజర్వాయరు కుర్రాళ్ళ సంగతి చెప్పి, బోర్డు తీసేయమన్నావు. చైర్‌పర్సన్ గారు కళ్ళజోడు తీసి, "ఈ ఊరి క్వారీలో ఒక పిల్లవాడు పోయాడు. ఎవరి పిల్లవాడో మీకు తెలుసా?" అన్నారు.

"తెలుసమ్మా" అన్నావు.

"తెలిసీ బోర్డు తీసేయమంటున్నారా?"

నువ్వు అన్నావు, "బోర్డు వల్ల దిగడం ఆగలేదమ్మా. అరవడం ఆగింది."

ఆవిడ గొంతు తగ్గించి, "ఆ రోజు వాడి స్నేహితులు అరిచి ఉంటే మావాడు దక్కేవాడా?" అని అడిగారు. నువ్వు తల అడ్డంగా ఊపావు. "తెలియదమ్మా. దక్కేవాడంటే అబద్ధం చెప్పినట్టు. కానీ ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి ఉండేవాళ్ళు. ఒంటరిగా మాత్రం పోయేవాడు కాదు." ఆ మాటకు ఆవిడ నీళ్ళ గ్లాసు తీసుకుని, తాగకుండా అలాగే పట్టుకున్నారు. నాకు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలనిపించింది, నీకు ఇద్దరు పిల్లలున్నా సరే.

నువ్వు వెళ్ళాక ఒక సభ్యుడు లేచాడు. వాడూ నా దగ్గరే నేర్చుకున్నాడు, అద్దం చూడకుండా మలుపు తిప్పే రకం. "ఇవాళ ఈతగాళ్ళు, రేపు పేకాటవాళ్ళు, ఎల్లుండి ఇంకెవరో. మావల్ల ఎవరికీ నష్టం లేదని అందరూ వస్తే ఇక చట్టాలెందుకు?" అన్నాడు. నన్ను మాట్లాడమన్నారు. నేను రాసుకున్నదంతా పక్కన పెట్టేశాను.

"రానివ్వండి. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఇదే ప్రశ్న అడగండి. నష్టపోయిన మనిషిని చూపించగలిగితే శిక్ష వేయండి, నేనే చప్పట్లు కొడతాను. చూపించలేకపోతే వాళ్ళను దొంగల వరసలో నిలబెట్టకండి. నేను ఎవరికీ నష్టం లేదని వాదిస్తూ వచ్చాను. అది తప్పు. నేను మునిగితే నా తమ్ముడిలాంటివాడు దిగాలి. అందుకని తాడు కట్టండి, గాలి ట్యూబులు పెట్టండి, ఒంటరిగా దిగొద్దని నియమం పెట్టండి, మేం పాటిస్తాం. జాగ్రత్త నేర్పడం నా వృత్తి. ముప్పై ఏళ్ళు నేర్పాను. ప్రమాదం ఉందని ఎవరినీ రోడ్డెక్కొద్దని అనలేదు, బ్రేకు ఎక్కడుందో చూపించాను. నా తమ్ముడి భయం నిజం. కానీ దానికి మందు కేసు కాదు" అన్నాను.

నిబంధన తీసేద్దామా అని ఓటుకు పెట్టారు. ఎవరూ చెయ్యి ఎత్తరు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. చైర్‌పర్సన్ గారు చెయ్యి సగం దాకా ఎత్తి ఆగారు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోతుందనుకున్నాను. తర్వాత పూర్తిగా ఎత్తారు. ఇక చూడు, హాలంతా చేతులే! అద్దం చూడనివాడు కూడా చివర్లో ఎత్తాడు.

నిబంధన పోయింది. నా కేసు పోయింది, తిమింగలం కేసు పోయింది, స్టేషన్ ముందు వరస కట్టినవాళ్ళ కేసులన్నీ పోయాయి. లైసెన్సు నా గోడ మీదే ఉంది. బయటికి వచ్చి కారు హారన్ మోగించాను. వీధిలో నా శిష్యులందరూ మోగించారు. ఊరేగింపు బయలుదేరింది గానీ సగం కార్లు మలుపులోనే ఆగిపోయాయి, సంతోషంలో క్లచ్చు టక్కున వదిలేసి.

చైర్‌పర్సన్ గారు మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు, అందుకే నమ్మాను" అన్నారు. నేను నా రెండో చెయ్యి ఆవిడ చేతి మీద వేశాను. ఇద్దరం అలాగే నిలబడ్డాం.

నువ్వు నా మాట మాట్లాడనన్నావు. మాట్లాడలేదు. నీ మాటతోనే నేను గెలిచాను. గర్వంగా ఉంది రా.

గెలిచిన అక్క


మే 28

చిరంజీవి తమ్ముడికి,

ఇది చదివేముందు కూర్చో. నేను బాగున్నాను, అందుకే రాయగలుగుతున్నాను. ఇప్పుడు చదువు.

మొన్న పొద్దున్న క్వారీ కిటకిటలాడుతోంది. తాడు కట్టారు, గట్టు మీద ఎర్ర ట్యూబులు వేలాడదీశారు. కొత్తవాళ్ళు చాలామంది. మన కానిస్టేబులు కూడా డ్యూటీకి ముందు వచ్చి పక్క మెట్టు దగ్గర మోకాళ్ళదాకా దిగి నిలబడుతున్నాడు. ఈత రాదు. నేర్పుతున్నాను.

నేను అవతలి గట్టు నుంచి తిరిగి వస్తున్నాను. నడిమధ్యలో పిక్క పట్టేసింది. నువ్వు రాసినట్టే, కొయ్యబారిపోయింది. కాలు కిందికి లాగుతోంది. ఒక గుక్క మింగాను. ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళకు ధైర్యం చెప్పిన మనిషిని కదా, నోరు తెరిచి సాయం అడగడం నాకు అలవాటు లేదు. నాకు నేనే చూసుకుందామనుకున్నాను. రెండో గుక్క మింగాను.

అప్పుడు అరిచాను రా. సిగ్గు విడిచి, గొంతు చించుకుని, "రండి, నన్ను పట్టుకోండి!" అని.

ఒక్కరంటే ఒక్కరు రాళ్ళ వెనక్కి పోలేదు. గుంతంతా నా మీదికి కదిలి వచ్చింది. మందుల షాపు ఆవిడ ట్యూబు విసిరింది. తిమింగలం నా చంక కింద చెయ్యి వేసి, అలవాటుగా వెల్లకిలా పడుకోబెట్టి లాక్కొచ్చాడు. ఈత రాని కానిస్టేబులు యూనిఫాంతోనే మెడదాకా దిగి, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చెయ్యి నాకు అందించాడు. విజిల్ ఊదుతూనే ఉన్నాడు, పట్టుకోవడానికి కాదు, ఇంకా ఎవరైనా వస్తారని. గట్టు మీద నా పిక్క నొక్కినవాళ్ళు ఎవరో కూడా నాకు తెలియదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరూ కలిసి నన్ను తిట్టారు. అన్ని తిట్లు తింటూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నువ్వు చెప్పిందంతా నిజం తమ్ముడూ. నేను చెప్పిందీ నిజమే. ఇవాళ మళ్ళీ దిగాను, తాడు పక్కనే. కోప్పడేదేదో కాగితం మీదే కోప్పడు.

నీ అక్క


జూన్ 4

అక్కా,

కూర్చునే చదివాను. రెండో గుక్క దగ్గర లేచి నిలబడ్డాను. పూర్తయ్యాక స్టేషన్‌లో అందరినీ పిలిచి గట్టిగా చదివి వినిపించాను. "గుంతంతా కదిలి వచ్చింది" అన్న దగ్గర మావాళ్ళు బల్లలు చరిచారు. మా ఆఫీసరు గది తలుపు దగ్గర నిలబడి విని, ఆ ఉత్తరం ఒకసారి ఇవ్వమన్నాడు. ఇక్కడి రిజర్వాయరు సంగతి పైకి రాస్తాడట. ఇచ్చాను.

తిట్టాలని చాలా రాసుకున్నాను. అన్నీ కొట్టేశాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నీళ్ళలో ఎవరో ప్రమాదంలో ఉన్నారంటే పరిగెత్తడమే నాకు తెలుసు. నువ్వు నడిమధ్యలో అరిచిన పొద్దున్న నేను ఇంట్లో పిల్లలకు జడలు వేస్తూ కూర్చున్నాను. నాకెవరూ ఫోన్ చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు.

తమ్ముడు